కాలువ గట్టు మీద తిట్టే హక్కు

శ్రీకాకుళం జిల్లా, జలుమూరు మండలం, నేరేడువలస గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు సనపల అప్పలసూరి గారి కుమారుడు, వ్యవసాయదారుడు, డెబ్బయ్యొకటో ఏడు నడుస్తున్న సనపల నరసింగరావు అను నేను, మోకాలు తప్ప మిగతా దేహమంతా సవ్యంగా ఉండి, బుద్ధి నిలకడగా ఉండి, ఒకరి బలవంతం గాని, ఒకరి బుజ్జగింపు గాని లేకుండా, పట్టపగలు, మా ఇంటి అరుగు మీద కూర్చుని, నా చేతితో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడ అన్న మాట పైకి చదివినప్పుడు నా భార్య ఆదెమ్మ నవ్వింది. ఆ నవ్వుని ఎవరూ సాక్ష్యంగా తీసుకోరాదు.

దస్తావేజులు రాసే ఆయన చేత రాయించమని అందరూ చెప్పారు. పోయినసారి ఆయన చేతే రాయించాను. సర్వే నంబర్లు, హద్దులు చక్కగా రాశాడు. ఎవరికి ఏమిటి అన్నది రాశాడు గాని ఎందుకు అన్నది రాయలేదు. ఈసారి ఎందుకన్నది చెప్పకపోతే నా కూతురు నన్ను చితి మీద నుంచి లేపి అడుగుతుంది. అందుకని నేనే రాస్తున్నాను.

ఈ వీలునామాని అమలుపరిచే బాధ్యత ఆ కూతురికే, అంటే విజయనగరంలో బడిపంతులమ్మగా ఉన్న రేఖకే అప్పగిస్తున్నాను. చదివేటప్పుడు మధ్యలో ఆపి పోట్లాడుకోకుండా చివరిదాకా చదవమని నా మనవి.

1. మూడేళ్ళ కిందట రిజిస్టరు చేయించిన నా పాత వీలునామాని ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాను. అందులో ముఖ్యమైనవి రెండు సంగతులు. ఒకటి, కాలువ చివరనున్న నా శివారు పొలం, ఎకరా ఇరవై సెంట్లు, ఇళ్ళ లేఅవుట్లు వేసేవాళ్ళకి అమ్మేయాలని. రెండు, నా తోడబుట్టిన అప్ప గొర్లె అసిరమ్మకి గాని, ఆమె కొడుక్కి గాని నా ఆస్తిలో చీపురుపుల్ల కూడా చెందరాదని. ఈ రెండూ ఇక చెల్లవు. ఆ రోజు ఎంత కసిగా సంతకం పెట్టానో, ఈ రోజు కొట్టేస్తుంటే అంత హాయిగా ఉంది. భుజం మీది ధాన్యం బస్తా దించి అరుగు మీద పెట్టినట్టుంది.

2. నేను ఇప్పుడు కాపురముంటున్న పెంకుటిల్లు, పశువుల శాల, పెరట్లో కొబ్బరి చెట్లు, ఇంట్లో సామాను యావత్తు, ఆదెమ్మ జీవించి ఉన్నంతకాలం ఆమె అనుభవించాలి. ఆమె తదనంతరం రేఖకి చెందుతాయి. వంటింటికి గాలి ఆడే కిటికీ పెట్టిస్తానని పెళ్ళయిన కొత్తలో ఆదెమ్మకి మాటిచ్చాను. ఆ పని కూడా ఇందులో రాద్దామనుకుని కలం పట్టుకున్నాను. నేను చచ్చాక పెట్టించడమేమిటి, సిగ్గులేకపోతే సరి అనిపించింది. మేస్త్రీ నిన్ననే వచ్చి గోడ కొట్టాడు. కాబట్టి ఈ కిటికీ విషయంలో వారసులకి పని లేదు.

3. ఊరి నడుమనున్న రెండెకరాల పల్లపు పొలం, మెట్ట మీద జీడితోట రేఖకి దాన విక్రయాది సర్వహక్కులతో చెందుతాయి. దీనిలో ఎవరికీ తకరారు లేదు.

4. ఇక తకరారు ఉన్న శివారు పొలం సంగతి. ఎవరికి అన్నది తర్వాత రాస్తాను. ముందు ఆ పొలానికి నీళ్ళు ఎలా పోయాయో, ఎలా తిరిగొచ్చాయో రాయాలి.

వంశధార పెద్ద కాలువ నుంచి మా ఊరికొచ్చే పిల్లకాలువ మీదే మా ఊరి వరి. ఏటా నీళ్ళు వదిలే ముందు, ఎండలు ముదిరిన రోజుల్లో, ఇంటికో మనిషి పార పట్టుకుని దిగి పూడిక తీయాలి. తీస్తే నీళ్ళు శివారుదాకా పోతాయి. తీయకపోతే తల దగ్గరి పొలాలే తాగేస్తాయి, మా చివరివాళ్ళకి బురద కూడా మిగలదు. ఇది మా తాతల నాటి పద్ధతి. రాని ఇంటికి జరిమానా అంటూ లేదు. మా అప్ప నోరే జరిమానా.

అసిరమ్మ నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఆమెని ఈ ఊళ్ళోనే ఇచ్చారు. పూడిక రోజుల్లో పొద్దున్నే గట్టు మీదకొచ్చి, చుట్ట వెలిగించి, మా వైపు పాతకాలపు ఆడవాళ్ళు కాల్చినట్టే వెలిగే కొసని నోట్లోకి పెట్టుకుని, రాని ఇంటినల్లా పేరు పెట్టి పిలిచేది. నోట్లో నిప్పు పెట్టుకుని అన్ని మాటలు ఎలా వచ్చేవో ఆ భగవంతుడికే తెలియాలి. "ఒరే కూర్మిగా, మీ యింట్లో మనుసులు తిండికేనేట్రా? కాలవలోకి దిగడానికి ఒక్కడూ నేడేటి? నీ పెళ్ళికి ఊరంతా వొచ్చినాం గదరా, కాలవకి నువ్వు రావేట్రా?" అనేది. ఊరంతా నవ్వేది. కూర్మయ్య లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చేవాడు. ఏ ఇంటిని ఏ మాటంటే కదులుతుందో ఆమెకి బాగా తెలుసు.

అయితే ఇదే మనిషి ఇంటి నుంచి ఏనాడూ ఒక్కడు కాలువలోకి దిగలేదు. మా బావ పోయాక ఆ ఇంట్లో ఉన్న మగదిక్కు కొడుకు రమేష్‌బాబు. చిన్నప్పుడు పరీక్షలంది. తర్వాత జ్వరమంది. తర్వాత కొత్తవలసలో ఎవరో కాంట్రాక్టరు దగ్గర పనంది. ఆ పని వదిలేసి వచ్చి మంచం మీద ఫోను చూసుకుంటూ పడుకున్న రోజుల్లో నడుం నొప్పంది. పైగా ఆమె పొలం కాలువ తల దగ్గరే. ఊరు పూడిక తీసినా తీయకపోయినా మొదటి తడి ఆమెదే. ఇంత తెలిసీ ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆమె మాట, ఆమె ఇంటి సంగతి రెండూ వేరని ఊరు ఎందుకో సరిపెట్టుకుంది. సరిపెట్టుకోనివాణ్ణి నేనొక్కణ్ణే.

కాలువ కమిటీకి పెద్దని నేను. పార పట్టిన మొదటి మనిషిని నేను. ఒక ఏడు మా ఆవు ఈనుతుంటే దాని దగ్గర ఉండిపోయి, ఎండ ఎక్కాక గట్టు మీదకి వెళ్ళాను. అందరి ముందూ నన్ను కడిగేసింది. "పెద్దమనిసివి నువ్వే ఇప్పుడొస్తే ఇంక సిన్నోలు ఏటి వొస్తార్రా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కొడుకుని మంచం మీద పడుకోబెట్టి వచ్చి నన్ను ఆలస్యమంటుందా అనుకున్నాను. ఆ సాయంత్రమే రామమందిరం అరుగు మీద కమిటీ పెట్టించి తీర్మానం చేశాను. తన ఇంటి నుంచి మనిషిని పంపనివాళ్ళకి, ఇంకొకరిని రమ్మని అడిగే అర్హత లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. కూర్మయ్య లేచి నిలబడి మరీ కొట్టాడు. మా అప్ప నోట్లో చుట్ట తీసి నేలకి రాసి ఆర్పింది. "మంచిది తమ్ముడా" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత గట్టు మీదకి రాలేదు. నాతో మాట కూడా మానేసింది. తొలి ఏడు నేను నిజంగా సంతోషించాను. చెవి పక్క జోరీగ పోయినట్టుండేది.

ఆ తీర్మానంలో ఒక్క అక్షరం తప్పుందని నేనిప్పటికీ ఒప్పుకోను. తప్పంతా దాన్ని ఊరు బాగా ఒంటపట్టించుకోవడంలో వచ్చింది. మరుసటేడు దుప్పల గంగులు, నా పొలం పక్కనే శివారులో పొలం ఉన్నవాడు, కూర్మయ్యని రమ్మని పిలిచాడు. "పోయినేడు కూతురు పెళ్ళని నువ్వు మానేసినావు గదేటి, నన్నడగడానికి నువ్వెవడివి?" అన్నాడు కూర్మయ్య. తీర్మానం ప్రకారం సరైన మాటే. గంగులు నోరు మూసుకున్నాడు. ఆ పైఏడు కూర్మయ్య పిలిస్తే ఇంకొకరు అతన్ని అదే మాటన్నారు. ఊళ్ళో జ్వరం రాని ఇల్లేది? పెళ్ళి జరగని ఇల్లేది? అందరూ ఎప్పుడో ఒకప్పుడు మానేసినవాళ్ళే. అడిగే అర్హత ఉన్నవాళ్ళు ఏటేటా తరిగిపోయి, ఆఖరికి నేనొక్కణ్ణి మిగిలాను. నేను పిలిస్తే, నువ్వెప్పుడూ మానలేదు కాబట్టి ఇప్పుడు కూడా నువ్వే తియ్యి అన్నట్టు చూసేవారు.

కాలువ నిండా తూటికాడ అల్లుకుంది. శివారుకి నీళ్ళు ఆగిపోయాయి. గంగులు నాట్లు మానేసి విశాఖపట్నం తాపీపనికి పోయాడు. నేను మొండికేసి రెండేళ్ళు నాటాను. పొట్ట మీదున్న చేను కళ్ళముందు ఎండిపోతుంటే గట్టు మీద కూర్చుని ఏడ్చాను కూడా. అప్పుడే పాత వీలునామా రాయించాను. అది తెలిసి గంగులు పరుగున వచ్చాడు. "నీ పొలం దాటుకునే గద నాకు నీళ్ళు రావాల. నీది ప్లాట్లయిపోతే నా దారి మూసుకుపోతాది. మరి నానెక్కడికి పోవాల?" అని అడిగాడు. పని ఎగ్గొట్టినవాళ్ళని అడుగు అని పంపేశాను. మా అప్ప ఇంటి వైపు చెయ్యి చూపించి మరీ పంపాను.

5. పోయిన వేసవిలో నా మోకాలికి శ్రీకాకుళంలో ఆపరేషను జరిగింది. పూడిక రోజులొచ్చేసరికి నేను మంచం మీద ఉన్నాను. పార పట్టలేను. మా ఇంటి నుంచి పంపడానికి ఇంకో మనిషి లేడు. అంటే నా తీర్మానం ప్రకారం నాకు కూడా అడిగే అర్హత పోయింది. సరే, మాట మీద నిలబడాలి కదా అని నోరు కట్టుకుని పడుకున్నాను. నీళ్ళు వదిలే రోజు దగ్గర పడుతోంది, కాలువలో ఒక్క పార దిగలేదు. "మోకాలికి గదా కోసినారు, నోటికి కూడా కుట్టేసినారేటి?" అని ఆదెమ్మ దెప్పుతూనే ఉంది. అయినా నేను పలకలేదు. పడుకున్న మంచం మీద నుంచి ఇంకొకరిని లేవమనడం నావల్ల కాలేదు.

ఒక పొద్దున్న అరుగు మీద చుట్ట వాసన వచ్చింది. చాలా ఏళ్ళయింది ఆ వాసన మా ఇంట్లోకి వచ్చి. మా అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. బాగున్నావా అనలేదు. "ఏట్రా నర్సిగా, పార పట్టలేకపోతే పిలవడం కూడా మానేస్తావేట్రా?" అంది. నాకు అర్హత లేదప్పా, తీర్మానం నాదే కదా అన్నాను. "నీ తీర్మానం నీళ్ళు తెస్తాదేటి?" అంది. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్న మాట అప్పుడు అడిగేశాను. మీ ఇంటి నుంచి ఒక్కడిని కూడా పంపకుండా, ఏ మొహం పెట్టుకుని ఊరందరినీ తిట్టేదానివి అన్నాను.

ఆమె కూర్చుంది. చుట్ట నోట్లోంచి తీసింది. ఆ తర్వాత చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను. "నా కొడుకు సోమరోడ్రా. ఆడ్ని నాను లేపలేకపోయినాను. ఎంత ఏడ్సినా లెగలేదు. నీయమ్మ, ఊళ్ళో కొడుకుల్నైతే లేపగలిగినాను. నా ఒక్క కొడుకు పండుకున్నాడని ఊళ్ళో కొడుకులందర్నీ పండబెట్టీమంటావేటి? నాకు సిగ్గు నేదనుకున్నావేటి? గట్టు మీదికొచ్చినప్పుడల్లా సచ్చేంత సిగ్గేసీది. సిగ్గేస్తాదని నోరు మూసుకుంటే సివరోడి పొలం ఏటైపోవాల?"

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ క్షణమే, ఎందుకో తెలియదు, ఒళ్ళంతా తేలికైపోయింది. నేను మంచం మీద నుంచి పిలవచ్చన్నమాట. కాలు బాగయ్యేదాకా ఆగనక్కర్లేదు. నా లెక్కలన్నీ సరిచూసుకుని, ఎవరి ఇంటికన్నా నా ఇల్లు శుభ్రంగా ఉందని రుజువు చేసుకుని, అప్పుడు నోరు తెరవాలన్న బాధ లేదు. చాలా ఏళ్ళుగా నేను ఆ బాధ పడుతున్నానని కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

మరునాడు ఇద్దరు కుర్రాళ్ళు నన్ను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తుకెళ్ళి గట్టు మీద పెట్టారు. పక్కన మా అప్ప. ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. "నీ రమేష్‌బాబు ఏడీ?" అని ఎవరో అడిగారు. అదివరకైతే ఆ మాటతో కథ ముగిసేది. "ఆడు మంచం మీదున్నాడు. ఆడికి పోటీగా నువ్వు కూడా ఎక్కుతావేటి? దిగు కాలవలోకి" అంది. గట్టంతా గొల్లున నవ్వింది. కూర్మయ్య, నాలుగేళ్ళుగా పార ముట్టనివాడు, కుర్చీలో ఉన్న నన్ను చూసి "నువ్వు కూసుని సెప్తన్నావేటి పెద్దా?" అన్నాడు. అవును, కూర్చునే చెప్తున్నాను, దిగు అన్నాను. దిగాడు. ఆ కార్తీకంలో నా శివారు చేను వంగి నిలబడింది. గంగులు విశాఖపట్నం నుంచి తిరిగొచ్చి, ఆలస్యంగానైనా, అర పొలంలో నాటాడు.

ఆ తీర్మానాన్ని ఈ ఏడు కమిటీలో నేనే రద్దు చేయించాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ హమ్మయ్య అనుకుని ఇళ్ళకి పోయారు. మనిషిని పంపకపోవడం మా అప్ప తప్పే. అది ఇప్పుడూ తప్పే, నేను చచ్చాక కూడా తప్పే. కానీ రమ్మని పిలవడం తప్పు కాదు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఉన్నాయి కాబట్టి రెండోదాన్ని కూడా తప్పుల్లో కలిపేశాను. అప్పా, నా మీద నీకున్న కోపం పోయిందన్నావు. నా మీద నాకున్నది కూడా ఇది రాస్తుంటే పోతోంది.

6. కనుక నా అప్ప గొర్లె అసిరమ్మకి, కాలువ గట్టు మీద, ఊళ్ళో ఎవరినైనా, నా కూతురితో అల్లుడితో సహా, పేరు పెట్టి తిట్టే హక్కుని ఆమె జీవితకాలం పర్యంతం నా వైపు నుంచి దఖలు పరుస్తున్నాను. దీనికి ఆమె ఇంటి నుంచి మనిషి రావాలన్న షరతు లేదు. ఆమె కావాలనుకుంటే ఆ హక్కుని ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు. తీసుకునేవాళ్ళకి నోరు ఉంటే చాలు.

7. ఇదే చోట ఆమెకి ఒక మాట. అప్పా, చుట్ట మానేయి. నేను రోజూ బీడీలు కాల్చేవాణ్ణి, ఇది రాస్తుండగా కూడా ఒకటి కాలుస్తున్నవాణ్ణి. అయినా చెప్తున్నాను. నీ అంగిట్లో తెల్లటి మచ్చ నేను చాలాకాలం కిందటే చూశాను. బీడీ తాగేవాణ్ణి నేనేం చెప్తానని ఊరుకున్నాను. పోయిన దీపావళి తర్వాత ఆ ఊరుకోవడం మానేసి నిన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన మనిద్దరినీ కలిపి చీవాట్లు పెట్టాడు, ఆయన చొక్కా మీద సిగరెట్టు వాసన గుప్పుమంటోంది. నువ్వు నా డొక్కలో పొడిచి నవ్వావు. భయపడాల్సింది లేదు, కానీ ఇప్పుడు మానకపోతే ఉంటుందని ఆయన చెప్పినప్పుడు మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఎంతసేపు ఊపిరి పీల్చుకున్నామో నీకు గుర్తుండే ఉంటుంది. ఆయన చెప్పినది నిజం అప్పా. ఎవరు చెప్పినా నిజమే. నీకు సాయంగా నేనూ తగ్గిస్తాను. మానేస్తానని మాత్రం రాయను, ఇది రిజిస్టరు కాగితం.

8. పాగోటి కూర్మయ్య నా పల్లపు పొలానికి పక్క రైతు. నిజాయితీ గురించి ఊళ్ళో అతనంత బాగా చెప్పేవాడు లేడు. ఏటా దుక్కి దున్నేటప్పుడు మా ఉమ్మడి గట్టుని నా వైపు నుంచి కాస్త కాస్త చెక్కుతుంటాడు. పెళ్ళి సంబంధాలప్పుడు నాలుగిళ్ళవాళ్ళకి చెప్పిన నీతులు నేనే విన్నాను, అవన్నీ మంచి మాటలే, ఒకదాన్ని నేను కూడా పాటిస్తున్నాను. అతని మాటలు వినడం మానవద్దని, గట్టు కొలవడం కూడా మానవద్దని రేఖకి చెబుతున్నాను. అతనికి నా నల్ల గొడుగు. నా కాలు బాగా లేని రోజుల్లో రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని కబుర్లు చెప్పినవాడు అతనే.

9. శివారు పొలం, ఎకరా ఇరవై సెంట్లు, హద్దులు: తూర్పు గంగులు పొలం, పడమర రాస్తా, ఉత్తరం కాలువ, దక్షిణం ఊరి గడ్డిబీడు. ఈ పొలం అమ్మడానికి వీల్లేదు. ఇందులోంచి గంగులు పొలానికి పోయే నీటిదారి ఎప్పటికీ మూయరాదు. ఈ రెండు షరతులతో, సదరు పొలాన్ని నా మేనల్లుడు గొర్లె రమేష్‌బాబుకి రాస్తున్నాను.

రేఖా, ఇక్కడే నువ్వు కాగితం విసిరేస్తావని తెలుసు. విసిరేయకు. పోయిన నెల చెప్పినప్పుడు నువ్వన్న మాట గుర్తుంది. "బావకిస్తే అందులో గడ్డి కూడా మొలవదు నాన్నా, ఆయన కన్నా బద్ధకస్తుడు ఈ జిల్లాలో ఉన్నాడేటి?" అన్నావు. ఈ మాటన్న పిల్ల వాళ్ళ మేడ మీద కుండీల్లో ఉన్న మొక్కలన్నీ నీళ్ళు పోయక ఎండగొట్టింది. అది చెప్పి నీ నోరు మూయించడం నాకు క్షణం పని. మూయించను. నువ్వన్నది నిజమే, ఆ భయం నాకూ ఉంది. కానీ తల దగ్గర పొలం ఉన్నవాడికి కాలువ పూడినా ఏమీ కాదు. వాడు పడుకోగలడు. వాణ్ణి అలా పడుకోబెట్టినది సోమరితనమొక్కటే కాదు, ఆ పొలం కూడా. శివారు పొలం ఉన్నవాడు ఊరందరినీ బతిమాలుకోవాలి. నలుగురు దిగితేగాని నీ చేను బతకదని ఎవరో ఒకరు వాడికి నేర్పాలి. మా అప్ప నోటికి సాధ్యం కానిది ఎకరా ఇరవై సెంట్లకి సాధ్యమవుతుందేమో చూద్దామని నా ఆశ. కాకపోయినా వాణ్ణి పూడిక గురించి మాట్లాడవద్దని ఎవరూ అనకూడదు. వాడు పార పట్టకుండా గట్టు మీద నిలబడి ఇంకొకరిని పిలిచినా సరే, పిలవనివ్వండి.

10. నేను పోయాక దినకార్యాలు మామూలుగా జరిపించండి. అవి పూడిక రోజుల్లో పడితే, ముందు కాలువ, తర్వాత నేను.

11. మా అప్పకి చదువు రాదు కాబట్టి, పైన పదో అంశం దాకా ఈ ఉదయం ఆమెని పిలిచి అరుగు మీద చదివి వినిపించాను. తిట్టే హక్కు దగ్గర "ఎవుడిస్తాడ్రా నాకు?" అని నవ్వింది. చుట్ట దగ్గర నన్ను కళ్ళెర్రజేసి చూసింది. శివారు పొలం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "తల దగ్గర పొలం ఉండగానే ఆడు లెగలేదు. సివర పొలం ఇస్తే సచ్చిపోతాడ్రా తమ్ముడా" అంది. చచ్చిపోడప్పా, నీళ్ళ కోసం ఏడుస్తాడు, అంతే అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి వీధిలోకి వెళ్ళింది. ఈ ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ వినబడిన ఆ గొంతు, సొంత గుమ్మం ముందు అంత గట్టిగా వినబడడం నేనైతే ఎప్పుడూ ఎరగను.

"ఒరే బాబూ, లెగరా! మీ మావ నీకు పొలం రాసినాడు. కాలవ సివర పొలం. నీళ్ళు వస్తాయో రావో తెలీని పొలం. లెగరా నాయనా, లెగు!"

వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మా ఆదెమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. కాసేపటికి రమేష్‌బాబు వచ్చాడు. జుట్టు రేగిపోయి, చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని, ఒక చేతిలో ఫోనుతో మా అరుగు దగ్గర నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, తప్పు చేసిన బడిపిల్లాడిలా కాళ్ళు చూసుకున్నాడు. అటూ ఇటూ కదిలాడు. చివరికి అడిగాడు.

"మావా, ఈ ఏడు నీళ్ళెప్పుడు వదుల్తారు?"

జవాబు నేను చెప్పేలోగా మా అప్ప అందుకుంది.

పైన రాసినదంతా నా ఇష్టపూర్వకంగా, నా చేతిరాతతో రాసి, చదువుకుని, సరిచూసుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను. రమేష్‌బాబు పొలం పొందేవాడు కాబట్టి సాక్షి సంతకం పెట్టలేదు. పెట్టడానికి అతనిక్కడ లేడు కూడా, వాళ్ళమ్మ వెంట కాలువ చూడడానికి వెళ్ళాడు.

నేరేడువలస
2025 మే నెల 26వ తేదీ, సోమవారం

(సంతకం)
సనపల నరసింగరావు

సాక్షులు:
1. పాగోటి కూర్మయ్య, వ్యవసాయం, నేరేడువలస. ఎనిమిదో అంశం చదివి, మొహం ముడుచుకుని, గొడుగు కోసం సంతకం చేసినవాడు.
2. దుప్పల గంగులు, వ్యవసాయం, నేరేడువలస. తొమ్మిదో అంశం రెండుసార్లు చదివించుకుని సంతకం చేసినవాడు.